డీజిలు తినేవాళ్ళకి బెల్లం పాకం

రోజూ పొద్దున్నే పోలమ్మ చేసే పని ఒకటే, చెరువు గట్టుమీద నిలబడి ఏడవడం. ఏడవదా మరి! అప్పనపల్లి దగ్గర కౌలుకి తీసుకున్న చేపల చెరువు అది. నీళ్ళు తోడే ఇంజను ట్యాంకుకి చిల్లిపడి డీజిలంతా చెరువులో కలిసింది. చేపలన్నీ చచ్చి తేలిపోయేయి. ఇంక దారిలేక, కూతురు లక్ష్మీదుర్గని తన అక్క దగ్గర వదిలి కువైట్లో ఇంటిపనికి వెళ్ళడానికి ఒప్పేసుకుంది. నెలాఖరుకి ప్రయాణం.

పక్కింటి షైనీ ఊరుకోలేదు. అమలాపురం కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెప్పే పిల్ల. దాని చదువుకి, ఓపికకి దండం పెట్టాలి! సముద్రపు నాచు జిగురులో డీజిలు తినే సూక్ష్మజీవుల్ని పెట్టి, సగ్గుబియ్యంలాంటి పూసలు చేసింది. దోమతెర సంచుల్లో పోసి చెరువులో దింపింది.

"జిగురులో ఉంటే కొట్టుకుపోవు పిన్నీ, కూర్చున్నచోటే తింటాయి."

"ఆయ్, మొదలెట్టేమండీ," అన్నాయి నీళ్ళలోంచి పూసలు.

"మంచిదండీ," అంది పోలమ్మ.

వారం తిరక్కుండా నీళ్ళమీది డీజిలు తెట్టు సగానికి తగ్గింది. పోలమ్మకి ప్రాణం లేచొచ్చింది. అక్కడే వచ్చింది తంటా. మనకోసం కష్టపడేవాళ్ళకి నోరు తీపి చెయ్యకుండా మనం ఉండగలమా? బిందెడు బెల్లం పాకం తెచ్చి పోసేసింది. "మొహమాటపడకండి, ఇంకాస్త పుచ్చుకోండి," అని బతిమాలింది కూడా.

ఆపైన తెట్టు కదిలితే ఒట్టు!

షైనీ తల పట్టుకుంది. "అయ్యో పిన్నీ! తీపి దొరికితే డీజిలు ఎవరు ముట్టుకుంటారు?"

"మీరైనా చెప్పొద్దా అండీ?" అని పోలమ్మ పూసల మీద విరుచుకుపడింది.

"మీరంత ప్రేమగా పెడుతుంటే వద్దంటే బాగోదు కదండీ," అన్నాయవి.

షైనీ విసుక్కోలేదు. కొత్త పూసలు చేసి తెచ్చింది. రోజూ కాలేజీ అవ్వగానే చెరువుకే వచ్చి, నీళ్ళకి గాలి పట్టించే చక్రం తిప్పించింది. ఎంత మంచి పిల్లో!

నెలాఖరు రానే వచ్చింది. కువైట్ ప్రయాణం కుదిర్చిన తాతబ్బాయి కారు తెచ్చి పోలమ్మ పెట్టె ఎక్కించేడు. లక్ష్మీదుర్గ తల్లి చెయ్యి వదల్లేదు. పోలమ్మ గుండె రాయి చేసుకుని కారెక్కబోతోంది.

"ఆకలండీ!" చెరువంతా ఒక్కసారే అరిచింది. "తిందామంటే చుక్క లేదండీ!"

షైనీ పరుగెత్తి సీసాలోకి నీళ్ళు పట్టి పరీక్ష చేసింది. "నిజమే పిన్నీ! చేపపిల్లల్ని వదలొచ్చు."

పోలమ్మ వెనక్కి తిరిగింది. "తాతబ్బాయిగారూ, నేను రానండీ. ఆ పెట్టె దింపెయ్యండి."

దింపడానికి పెట్టెక్కడుంది? లక్ష్మీదుర్గ అప్పటికే దాన్ని ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది.