అమ్మ అప్పజెప్పిన పాఠం

గురువారం పొద్దున బోరు బండి మా చేనిలో దిగకపోయి ఉంటే అమ్మ పోయేవేళకు నేను ఆమె దగ్గర ఉండేవాణ్ణి, అదొక్కటే సంగతి, దానికి ఇన్ని మాటలు అక్కర్లేదు, అయినా మూడు రోజులుగా మనసు ఆ పొద్దు దగ్గరే తిరుగుతోంది, ఈవేళ ఆదివారం, మందిరం ముందర వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క దగ్గర ఇనుపకడ్డీ పట్టుకుని నిలబడ్డాను, మూడు దెబ్బలు కొడితే జనం ప్రార్థనకు వస్తారు, ఇంకా కొట్టలేదు, వారంలో ఆరు రోజులు నేను ఈ ఊరి బడిపంతుల్ని, అందరికీ అయివారిని, ఏడో రోజు ఉపదేశిని, పాస్టరయ్య కళ్యాణదుర్గం నుంచి మూడు నెలలకొకసారి వస్తాడు, ఆయన వచ్చేలోగా బాప్తిస్మం కోరినవాళ్లకు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం కంఠతా నేర్పి, అప్పజెప్పించుకుని, పేర్లు కాగితం మీద రాసి పెట్టడం నా పని, వచ్చే ఆదివారం ఆయన వస్తాడు, కాగితం జేబులోనే ఉంది, అందులో అమ్మ పేరు లేదు.

అమ్మ పేరు ఓబమ్మ, చదువు లేదు, ఎనిమిదో ఏట నన్ను మిషన్ హాస్టల్లో వదిలి, కడుపుకు పెడతారంట ఉండు చిన్నప్పా అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది, నేను మతం మారినా తను మారలేదు, ఊరి పక్క వాగు, ఆ వంక అవతలి పల్లెలో మా అన్న గంగాధరప్ప ఇంట్లోనే ఉండిపోయింది, నాలుగేళ్ల కిందట ఒకనాడు తనంతట తానే, నీ దేవుని నీళ్లు నాకూ పోయించు నాయనా అంది, ఎందుకమ్మా ఇప్పుడు అంటే, నువ్వు పోయేతావుకే నేనూ రావల్ల గదప్పా, నువ్వు ల్యాకుండా ఇంకో తావులో నాకెవురు తెలుసు అంది, నేర్చుకో అన్నాను, నేర్చుకోసాగింది, తోడుకు, నాకూ పోయించు అన్న పక్కింటి రామసుబ్బమ్మను, చూపు లేని మనిషిని, కూర్చోబెట్టుకుని, ఇద్దరూ వేరుశనగ కాయలు ఒలుస్తూ వల్లెవేసేవాళ్లు, అమ్మ ఆరో ఆజ్ఞ నుంచి ఎనిమిదో ఆజ్ఞకు దూకేది, వ్యభిచారం మాట ఎత్తే ఏడోది ఈ ముసల్దానికి ఎందుకప్పా అనేది, ప్రార్థనలో ఆహారం అనాల్సిన చోట సంగటి అనేది, మేము తినేది అదే గదా, దేవునికి తెలీదా ఏమి అని నవ్వేది, పుస్తకంలో ఉన్నట్టే చెప్పమ్మా అనేవాణ్ణి, రామసుబ్బమ్మ వేళ్లు ఆపకుండానే, వీడు నీ కొడుకు కాదు ఓబక్కా, బడికొచ్చే ఇన్‌స్పెక్టరు అనేది, వేరేవాళ్లు తడబడితే రెండు మూడు తప్పులు వదిలేసి పేరు రాశాను, అమ్మకు వదల్లేదు, తల్లికని సులువు చేసినాడు అంటారని, ఎవరూ అనకముందే నేనే అనుకుని, అదే సేవలో నమ్మకంగా ఉండటం అనుకున్నాను, ఆ నాలుగేళ్లలో పాస్టరయ్య పదహారుసార్లు వచ్చి వెళ్లాడు.

బుధవారం నేను పల్లెకు వెళ్లినప్పుడు, రేపు పొద్దున రా చిన్నప్పా, అంతా అప్పజెప్తా, ఈ తడవ యాడా నిలబడను అంది, మాట మాటకూ ఆయాసపడుతూ అంది, నేను మాటలే విన్నాను, వస్తానన్నాను, మరుసటి పొద్దు బోరు బండి వంతు మాకొచ్చింది, మూడేళ్ల కరువు, చేను బీడు, బండి యజమాని ఖాజా హుస్సేన్ వెంట టెంకాయ పట్టేవాడు కూడా వచ్చాడు, టెంకాయను అరచేతిలో పెట్టుకుని చేనంతా నడిస్తే నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందని ఇక్కడి నమ్మకం, ఉపదేశి చేనిలో టెంకాయా అని ఎవరో నవ్వారు, నేనూ నవ్వాను, వద్దనలేదు, అది నిలబడినప్పుడు నా గుండె కూడా పైకి లేచింది, అది దాచను, బోరు నూటయాభై అడుగులు దిగేసరికి గంగాధరప్పన్న గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు, అమ్మ నిన్నడుగుతాంది రారా అన్నాడు, బండి మోతలో రెండుసార్లు అన్నాడు, ఇంకొక్క రాడ్డు దిగనీ అన్నా అన్నాను, ఆయన గొట్టం వైపు చూశాడు, నా వైపు చూశాడు, వెళ్లిపోయాడు, ఒక్క రాడ్డు తర్వాత ఇంకొకటి, దాని తర్వాత ఇంకొకటి, మూడు వందల అడుగుల దాకా బూడిదరంగు పొడే లేచింది, తల నిండా ఆ పొడితో పొద్దువాలే వేళకు నేను వంక దాటి వెళ్తే గడపలో ఆడవాళ్లు పక్కకు జరిగి దోవ ఇచ్చారు, అలా జరిగినప్పుడే తెలిసింది, మంచం పక్కన చెంబు ఉంది, దాని నిండా నీళ్లున్నాయి, పాస్టరయ్య ఒకసారి నాతో చెప్పాడు, ప్రాణం పోయేవేళ పాస్టరు అందకపోతే ఉపదేశి అయినా దోసెడు నీళ్లతో బాప్తిస్మం ఇవ్వొచ్చు, అప్పుడు పాఠం అడగనక్కర్లేదు అని.

శుక్రవారం అన్న పొలం గట్టున గుంత తీశారు, బాప్తిస్మం లేనివాళ్లకు సమాధి ఆరాధన చదవకూడదు, పుస్తకం చేతిలో ఉంది, తెరవలేదు, అందరితో పాటు మూడు పిడికిళ్ల మన్ను వేశాను, గంగాధరప్పన్న చేతులు దులుపుకుంటూ, నీళ్లు పడినాయా అప్పా అన్నాడు, లేదన్నాను, తిరిగొచ్చేటప్పుడు రామసుబ్బమ్మ నా మోచెయ్యి పట్టుకుని, పొద్దున్నుంచి నీ దోవే సూసినాది అయివారూ, వస్తాండాడా సూడు అని కండ్లు లేని నన్నే అడిగె పిచ్చిది, ఆకర్న అంతా నాకే అప్పజెప్పినాది, యాడా నిలబడల్యా, తప్పో ఒప్పో నాకేం తెలుస్తాది, చెప్పాల్సినోడివి నువ్వు గదా అంది, ఏడో ఆజ్ఞ చెప్పిందా అని అడగబోయి, ఆమెను గడప దాకా నడిపించాను.

ఇప్పుడు కడ్డీ ఎత్తబోయేసరికి బోరు లారీ చప్పుడు, ఖాజా హుస్సేన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు, అయివారూ, అమ్మ సంగతి విన్నాను, బాధయింది, ఒక మాట చెప్పి పోతామని వచ్చినా, నీ చేనిలోనే వంక పక్కన ఇంకో తావు ఉండాది, నలభై అడుగులకే తేమ తగుల్తాది, బండి ఈ పొద్దే కంబదూరుకు పోతాండాది, మళ్లా రెండు నెల్లకు గానీ రాదు, నువ్వు ఊ అంటే ముందు నీ చేనిలో దించుతా, మధ్యాహ్నానికంతా అయిపోతాది, ఒక్క వారం గంట కొట్టకపోతే మీ దేవుడు నిన్ను కొడతాడా ఏమి అని నవ్వాడు, మంచి మనిషి, నా మేలు కోరే చెప్పాడు, ఇప్పుడు కూడా, ఈ మూడు రోజుల తర్వాత కూడా, నా కళ్లు వంక వైపు తిరిగాయి, తడిసిన మట్టి వాసన ముక్కుకు తగిలినట్టే అయింది, నీళ్లు చెడ్డవి కావు, నియమమూ చెడ్డది కాదు, నన్ను అమ్మ దగ్గరికి పోనివ్వనిది ఏదీ చెడ్డది కాదు, అందుకే నేను దేన్నీ అనుమానించలేదు, బండి పోనీ అన్నా అన్నాను, ఇంకో తూరి ఆలోచించప్పా అన్నాడు, పోనీ అన్నా అని మళ్లీ అన్నాను, లారీ రేపిన దుమ్ము అణిగేదాకా నిలబడి కడ్డీ ఎత్తి మూడు దెబ్బలు కొట్టాను.

జనం వస్తున్నారు, రామసుబ్బమ్మ రాదు, చెయ్యి పట్టుకుని వంక దాటించి తెచ్చేది అమ్మే కదా, ప్రార్థన కాగానే నేనే వెళ్తాను, ఆమె ఎట్లా చెబితే అట్లా వింటాను, సంగటి అన్నా దిద్దను, కాగితం మీద ఆమె పేరు రాస్తాను, ఆదివారం నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను, అమ్మ పాఠం మాత్రం నేను వినలేదు.