బహుమతి పెయ్య

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ముసలితనంలో దిద్దుకున్న అక్షరాలు. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను.

మాన్సీ కొట్టంలో సగం పేడ ఎత్తేసరికి తెల్లారింది. పొట్టి మనిషి. ఒక భుజం కొంచెం పల్లం. చేతులు మాత్రం పెద్దవి, ఉప్పుగాలికి బీటలు వారినవి. పార గోడకు ఆనించి, చివర కట్టేసిన నల్ల పెయ్య పక్కలు తడిమాడు. ఎముకలు చేతికి అందీ అందనట్టున్నాయి.

"ఇప్పుడు పశువులా ఉన్నావే తల్లీ. నిరుడు పరుపులా ఉండేదానివి" అన్నాడు.

స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న స్ట్రాన్సే దీవిలో ఆగస్టు పశువుల ప్రదర్శనకు ప్రతి ఆసామీ తన మేలైన పెయ్యను మేపి ముస్తాబు చేస్తాడు. ఆసామీ ఇస్బిస్టర్ దీనికి నలగ్గొట్టిన ఓట్స్ గింజలు బుట్టలకొద్దీ పెట్టించాడు. రోజూ దువ్వింది పాలేరు మాన్సీయే. జేబులోంచి టర్నిప్ దుంప ముక్కలు తీసి తినిపించిందీ అతనే. మొదటి బహుమతి ఎర్ర రిబ్బను వచ్చింది. చూలు రాలేదు. రెండుసార్లు ఆంబోతు దగ్గరికి తోలితే రెండుసార్లూ మళ్లీ ఎదకొచ్చింది. ఒళ్లు కొవ్వెక్కి కడుపు నిలవడం లేదంది పశువుల డాక్టరమ్మ. చూలు కట్టని పెయ్యకు అక్కడ ఒకటే దారి, కబేళాకు పోయే పడవ.

"వసంతం దాకా చూద్దామయ్యా" అన్నాడు మాన్సీ. అన్నేళ్ల కొలువులో అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఓట్స్ మాన్పించాడు. టర్నిప్ మానేశాడు. చలికాలమంతా దాన్ని పలుపు పట్టుకుని సముద్రపు ఒడ్డున ఎదురుగాలిలో నడిపించాడు. నడుమ నడుమ ఆగి గుండెల మీద చెయ్యి వేసుకునేవాడు. భార్య థోరా అడిగితే, "గాలి ఎక్కువగా ఉంది, అంతే" అనేవాడు.

"పెళ్లాన్ని ఎప్పుడైనా ఇంత దూరం షికారు తిప్పావటోయ్?" అని ఒడ్డున పీతల బుట్టలు సర్దుకుంటూ జాలరి ఎర్లెండ్ కేకేసేవాడు.

"అది నా మాట వినదురా. ఇది వింటుంది!"

ఏప్రిల్‌లో మూడోసారి తోలారు. కడుపు నిలిచిందో లేదో ఇవాళ తేలిపోతుంది.

డాక్టరమ్మ రబ్బరు తొడుగు వేసుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని వెతికింది. మాన్సీ పెయ్య ముట్టె పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"పడవలో చోటు చెప్పి ఉంచాను" అన్నాడు ఇస్బిస్టర్.

"ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. ఇది చూలు కట్టింది."

ఇస్బిస్టర్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "గెలిచావు పో, ముసలాడా! మళ్లీ ఆగస్టుకు ముస్తాబు చేద్దామా?"

"కడుపుతో ఉన్నదానికి రిబ్బనెందుకయ్యా?"

"పోనీ, నీకు కడదాంలే!"

మాన్సీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. మధ్యాహ్నం పెయ్యను పచ్చికలో విడిచి, కుప్పలో అడుగున మిగిలిన టర్నిప్ ఒకటి తెచ్చుకున్నాడు. ఒక ముక్క కోసి పెట్టాడు. అది కరకరా నములుతుంటే, రాతిగోడకు వీపు ఆనించి ఎండలో కూర్చున్నాడు.

థోరా రొట్టె, జున్ను పట్టుకొచ్చేసరికి పెయ్య అతని టోపీ నాకుతూ నిలబడి ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తరవాత పక్కనే కూర్చుని ఆ పెద్ద చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

గోడ మీద సగం టర్నిప్, అందులో దిగిన మడతకత్తి. కోసిన వైపు ఇంకా తడి ఆరలేదు.

థోరా రెండల్,
ఎనభై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది కిర్క్‌వాల్ పట్నంలో.