గాలికి తిరిగే ఇల్లు

అరోరా ఊరి చివరనున్న ఆ కాలనీలో పొద్దున లేవగానే అందరూ చేసే మొదటి పని, ఇవాళ ఇల్లు ఎటు తిరిగిందో కిటికీలోంచి చూసుకోవడం. గాలి పడమట నుంచి వస్తే భవిత వంటింట్లో ఎండ పడుతుంది, తులసి కుండీ జరపక్కర్లేదు. దక్షిణం నుంచి వస్తే డ్రైవ్‌వే పోయి చెరువు గట్టున ఆగుతుంది. ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే మేనేజర్లు కూడా ఎందుకని అడగరు.

యుద్ధకాలంలో అది విమానాలు దిగే మైదానం. కుర్ర పైలట్లు దిగడం నేర్చుకున్నది అక్కడే. విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి ఆ నేలకి గాలివైపు మొహం తిప్పడం అలవాటైపోయింది. యుద్ధం అయిపోయాక రన్‌వే మీద మొక్కజొన్న వేశారు, ఆ తర్వాత ఇళ్ళు కట్టారు. నేల మాత్రం అలవాటు మానలేదు. పైపులు తెగవా అని ఎవరూ అడగలేదు. కాలనీ అసోసియేషన్‌కి జనాల పచ్చిక ఎత్తు చూడటానికే తీరిక చాలదు.

ఇల్లు కొనేటప్పుడు ఐదు గంటల దూరంలోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి భవిత నాన్న ఆంజనేయప్రసాద్ గారు స్వయంగా వచ్చారు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. దిక్సూచి పట్టుకుని గుమ్మంలో నిలబడి, “తూర్పు ముఖం, కళ్ళు మూసుకుని కొనేయండి” అన్నారు. ఆ రోజు తూర్పుగాలి వీస్తోంది. ఎవరూ అడగలేదు కనక ఏజెంటు ఏమీ చెప్పలేదు.

నెల తిరక్కుండా ఇల్లు దక్షిణానికి తిరిగింది. ఆ ఏడాదే భవితకి ఆరో నెలలో బిడ్డ పోయింది. ఆంజనేయప్రసాద్ గారు ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

ఇప్పుడు మళ్ళీ భవితకి ఏడో నెల. పుట్టింటికి తీసుకెళ్ళడానికి వచ్చిన ఆయన డ్రైవ్‌వేలోనే ఆగి, కారు దిగలేదు. పురుడయ్యాక కూడా ఇక్కడికి రావద్దు, ఇల్లు అమ్మేయండి అని ముందే ఫోన్‌లో తేల్చేశారు. పోట్లాడే ఓపిక లేక భవితా, ఆమె భర్త ఫణీ సరేనన్నారు. ఆ ఇల్లంటే భవితకి ప్రాణం. ఏడుస్తూనే బట్టలు సర్దుకుంది.

సూట్‌కేసు డిక్కీలో పెట్టేసరికి గాలి మారింది. నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా ఇల్లు మెల్లగా దక్షిణానికి తిరిగింది. డ్రైవ్‌వే, దాని మీది కారు, కార్లో ఆయన, అంతా కలిసి చెరువు గట్టుకి చేరారు. బాతులు తప్పుకుని దారిచ్చాయి.

“రివర్స్ చేస్తే?” అన్నారాయన అద్దం దించి.

“ముందు చెరువు, వెనక గరాజ్ ఉంది నాన్నా. గాలి మారేదాకా ఎవరూ డ్రైవ్ చేయలేరు. లోపలికి రా.”

ఆయన బిగుసుకుని కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి, దారి పొడుగునా కాఫీ తాగుతూ వచ్చారు. చివరికి బాత్రూమ్ కోసం దిగక తప్పలేదు.

బయటికొచ్చి వంటింట్లో తల వంచుకుని నిలబడ్డారు. “ఇల్లు ఇటు తిరిగే కదమ్మా ఆ పిల్లని పొట్టన పెట్టుకుంది. నేనే తప్పు కొలిచాను. నా వల్లే పోయింది.”

భవిత పొయ్యి ఆపేసింది. ఇన్నాళ్ళూ నాన్న రానిది తన మీద కోపంతో అనుకుంది.

“నాన్నా, బిడ్డ పోయిన రోజు తూర్పుగాలి. అంబులెన్స్ వాళ్ళు డోర్ తీయగానే మార్నింగ్ సన్ నా కళ్ళల్లో పడింది. ఐ రిమెంబర్. ఇల్లు నువ్వు చూసిన వైపే ఉంది.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నాన్న ఏడవడం భవిత మొదటిసారి చూసింది. దగ్గరికెళ్ళి ఆయన తల పొట్టకి ఆనించుకుంది. లోపలి బిడ్డ తన్నితే ఆయన చెంపకి తగిలింది.

సాయంత్రానికి గాలి మారి, డ్రైవ్‌వే వచ్చి రోడ్డుని కలిసింది. ఆయన సూట్‌కేసు దించి లోపల పెట్టి, భార్యకి ఫోన్ చేశారు.

“శారదా, బట్టలు సర్దుకో. రేపొచ్చి నిన్ను తీసుకొస్తా. పురుడు ఇక్కడే పోద్దాం.”

ఆవిడ మెల్లగా, “ఇల్లు ఇప్పుడు ఎటు తిరిగుందండీ?” అని అడిగింది.

“చూడలేదు,” అన్నారాయన.