రాహుకాలంలో ఒక పవర్ బటన్

ఆగండాగండి, పేజీ తిప్పెయ్యకండి! ముందు నేను చెప్పేది వినండి. చివర్లో మీతో నాకు పనుంది.

నేను ఒక పవర్ బటన్‌ని. కంప్యూటర్ డబ్బాకి ముందు వైపు రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉంటుందే, అదే నేను. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులో పోస్తే పళ్లెం నిండా అన్నదమ్ములతో కలిసి పుట్టాను. నా వీపుకి రెండు సన్నటి వైర్లు తగిలించారు. ఎవరైనా నన్ను నొక్కితే ఆ వైర్ల గుండా లోపలికి 'ఇక లే!' అని కబురు వెళ్తుంది. అంతే నా ఉద్యోగం. లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. వీధి గుమ్మంలో కూర్చున్నవాడికి వంటింటి సంగతి ఏం తెలుస్తుంది, వాసన తప్ప?

మనుషుల్ని నేను ముఖాలతో కాదు, వేళ్లతో గుర్తుపడతాను. మొదట హనుమకొండలో ఒక నెట్ సెంటర్‌లో ఉన్నాను. పరీక్ష ఫలితాల రోజు వచ్చే వేళ్లు చల్లగా, చెమటగా ఉండేవి. పాపం, తొందర! కంప్యూటర్ కళ్లు నులుముకునేలోపే మళ్లీ నొక్కేవాళ్లు, లేచేది కాస్తా పడుకునేది. తర్వాత భిక్షపతి జిరాక్స్ షాపుకి అమ్మేశారు. ఆయన బొటనవేలికి ఎప్పుడూ నల్లపొడి. నేను పంపిన కబురు పనిచెయ్యకపోతే డబ్బా మీద ఒక్కటి చరిచేవాడు. విచిత్రం ఏంటంటే, లేచేది!

ఈ దసరా సెలవుల్లో మాత్రం లోపల 'టప్' మంది, కాలిన వాసన వచ్చింది. ఎంత చరిచినా ఉలుకూ పలుకూ లేదు. భిక్షపతి షాపుకి కొత్త కంప్యూటర్ కొనుక్కుని, మమ్మల్ని ఇంటికి తెచ్చి మూలన పడేశాడు. ఇంటర్ చదివే ఆయన కూతురు వెన్నెల వచ్చి వాసన చూసింది.

"డాడీ, పోయింది పవర్ సప్లై ఒక్కటే. అన్నిటికీ కరెంటు పంచే డబ్బా అది. కొత్తది తెచ్చి నేనే మారుస్త."

"నువ్వా? మొన్న మిక్సీ విప్పినవ్. ఇప్పటిదాంక మీ అమ్మ పచ్చడి రోట్లనే నూరుతున్నది."

"మిక్సీ వేరు డాడీ!"

"సరే. రేపు అయిదింటికి పాత సామాన్ల సత్తయ్య ట్రాలీ తెస్తడు. అప్పటిలోపల లేస్తే అది నీది. లేవకుంటే ఆయనది."

సత్తయ్యది అంటే ఏంటో నాకు తెలుసు. సుత్తి.

మర్నాడు మంగళవారం. అన్నం తినగానే వెన్నెల స్క్రూలు విప్పింది. "ఇది బోర్డుకి... ఇది డిస్కుకి..." అని గొణుక్కుంటోంది. లోపల ఏదో జరుగుతోంది, నాకేమో చూడాలని ఒకటే ఆత్రం! సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వాళ్లమ్మ కౌసల్య కేకేసింది.

"ఆగు బిడ్డా! మూడైంది. అసలే మంగళారం, మీదికెళ్లి రాహుకాలం సురువైంది. నాలుగున్నర దాంక దాన్ని ముట్టకు."

"అమ్మా, రాహువుకి కంప్యూటర్‌తో ఏం పని?"

"మిక్సీ ఎప్పుడు విప్పినవ్? రాహుకాలంలనే!"

దీనికి ఏ సైన్సులో జవాబుందో చెప్పండి! వెన్నెల లేచి వెళ్లిపోయింది.

నాలుగున్నర దాటాక కౌసల్య వచ్చి నా ముఖాన కుంకుమ బొట్టు పెట్టింది. "ఇగ నొక్కు." వెన్నెల నొక్కింది. కబురు పంపాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, లైటు వెలిగింది, కౌసల్య చప్పట్లు కొట్టింది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది.

ఇదేంటి? ఊపిరి ఉంది, మాట లేదు!

"బటనే పోయుంటది," అన్నాడు భిక్షపతి. నేనా? నా కబురు అందకపోతే ఫ్యాన్లు ఎలా తిరిగాయంట? వెన్నెల మానిటర్ వైరు పీకి పెట్టింది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దింది. మళ్లీ నొక్కింది. నలుపే. ఇంతలో గేటు దగ్గర ట్రాలీ హారన్.

"అన్నా, ఎక్కిద్దమా?" సత్తయ్య గొంతు.

"రెండు నిమిషాలు కాకా!" అని అరిచింది వెన్నెల. వేలు నా మీదే ఉంది, మంచుముక్కలా. కళ్లు మూసుకుని తనలో తనే అడుక్కుంది: "అమ్మ పిలిచినప్పుడు నా చేతిల ఏముండె?"

చటుక్కున వేలు తీసేసి, కరెంటు ఆపి, లోపలికి చెయ్యి పెట్టింది. వైర్ల గుత్తి వెనక నాలుగు పిన్నుల బుల్లి ప్లగ్గు ఒకటి దిక్కులేకుండా వేలాడుతోందట. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చేది అదేనట. ఫ్యాన్లకి పెట్టి, మెదడుని పస్తుంచామన్నమాట! 'టక్' మని బిగించి, నన్ను నొక్కింది.

గది నీలంగా వెలిగింది.

"ఇయ్యాల ఏం లేదు తమ్మీ, చాయ్ తాగిపో," అన్నాడు భిక్షపతి గేటు వైపు తిరిగి. మళ్లీ కూతురి వైపు చూసి, "ఇగ అది నీదే," అన్నాడు.

కౌసల్య వేడి సర్వపిండి ముక్క తెచ్చి కూతురి నోటి ముందు పట్టుకుంది. "చూసినవా? రాహుకాలం పోయేదాంక ఆగినం గాబట్టే లేసింది. లేకుంటే మిక్సీ లెక్కనే అయ్యేది."

వెన్నెల నోరు తెరిచింది. ఆ ప్లగ్గు చేతిలోంచి జారింది అలా ఆగినప్పుడేనని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. నవ్వు ఆపుకోలేక నా మీదున్న ఆమె వేలు వణుకుతోంది, కొసకి నా కుంకుమ అంటుకుని.

మీరే ఆ నోరు తెరిచినవాళ్లైతే, నిజం చెప్పేస్తారా, సర్వపిండి తినేస్తారా?