ఉత్తుత్తి సెలూను

శరణార్థులకు పని దొరికే దారి చూపిస్తామనే ఆ కేంద్రంలో ఒక సెలూను ఉంది. నిలువుటద్దం, గిర్రున తిరిగే కుర్చీ, దువ్వెనలు, కత్తెరలు అన్నీ అసలువే. కటింగ్ ఒక్కటే ఉత్తుత్తిది. నిజమైన జుట్టు మీద కత్తెర ఆనితే బీమా వాళ్ళు ఒప్పుకోరట. అందుకని ఒక శరణార్థి కుర్చీలో కూర్చుంటే, ఇంకో శరణార్థి ఆ తలకు బెత్తెడు దూరంలో గాలిని కత్తిరించాలి. పక్క గదిలో నీళ్ళు రాని పైపులు బిగించే ప్లంబరు, ఆ పక్కన దిండుకు సూదిమందు పొడిచే నర్సు.

సెలూన్లో గాలి కత్తిరించే మనిషిని అందరూ కత్తెరాయన అంటారు. సొంత ఊళ్ళో చాలా ఏళ్ళు షాపు నడిపినవాడు. యుద్ధంలో షాపు కూలిపోతే భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని సరిహద్దు దాటాడు. ఇక్కడ ఏ షాపు మెట్లెక్కినా, "ఈ దేశంలో చేసిన అనుభవం ఉందా?" అనేవారు. ఎవరైనా పని ఇస్తేగా అనుభవం వచ్చేది. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. ఆ అడ్డు మేం తొలగిస్తాం రమ్మని కేంద్రం వాళ్ళు పిలిచి, ఉండటానికి ఒక గది కూడా ఇచ్చారు. ట్రైనింగు ఒక్కరోజు ఎగ్గొట్టినా ఆ గది ఖాళీ చెయ్యాలన్నారు.

కేంద్రం నడిపే డైరెక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదయితే తిట్టుకునైనా బతకొచ్చు. ఆవిడ ఎంతో ప్రేమగా భుజం తట్టి, "మీలో ఆత్మవిశ్వాసం ఇంకొంచెం పెరగాలి" అంటూ ఒక ట్రైనింగు అవగానే ఇంకో ట్రైనింగులో కూర్చోబెట్టేది. కరచాలనం చెయ్యడమెలాగో ఒక క్లాసు, నవ్వడమెలాగో ఇంకో క్లాసు. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కునీ తిననివ్వదు. వీళ్ళందరికీ పని దొరికితే ఆవిడకు పనేముంటుందని మాత్రం ఎవరూ అడగరు.

బళ్ళో టీచరు "మీ నాన్న ఏం చేస్తారు?" అనడిగితే, కూతురు "గాలి కత్తిరిస్తారు" అని చెప్పొచ్చిందట. ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వాడే గాని ఆ పూట కత్తెరాయనకు ముద్ద దిగలేదు. భార్య హోటల్లో గిన్నెలు తోమి తోమి వేళ్ళు ఒరిసిపోయి, పిల్లకు జడ కూడా వెయ్యలేకపోతోంది.

అదే వీధి చివర ఒక నిజం సెలూను ఉంది. దాని ముసలి యజమానికి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. "శుక్రవారం పొద్దున రా. నా కళ్ళముందు ఒక తల చేసి చూపించు. పదకొండు దాటితే మాత్రం ఇంకొకణ్ణి పిలుచుకుంటాను" అన్నాడు.

"ఇది పోతే నా చేతులు కూడా పోతాయండీ" అంది భార్య.

సెలవడిగితే డైరెక్టరమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "శుక్రవారమా? ఆ రోజే మన కేంద్రానికి నిధులిచ్చే పెద్దాయన వస్తున్నారు. గాలి కటింగులో మీ అంత అందంగా చేసేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

మానేస్తే గది పోతుంది. వెళ్ళకపోతే పని పోతుంది. శుక్రవారం పొద్దున్నే కత్తెరాయన తెల్లటి ఏప్రన్ కట్టుకుని కుక్కిన పేనులా నిలబడ్డాడు. పది అన్న పెద్దాయన పదకొండుకు పావుగంట ఉందనగా ఊడిపడ్డాడు. ముందు పైపులు చూశాడు, తర్వాత దిండును పరామర్శించాడు. ఆఖరికి సెలూన్లోకొచ్చి, ఫొటో కోసం తనే కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ కట్టించుకున్నాడు.

"మీరు రోజూ చేసేవాళ్ళే కదా. అలాగే చెయ్యండి, మొహమాటపడకండి" అన్నాడు.

కత్తెరాయన గడియారం చూశాడు. ఇన్నాళ్ళ మంట ఒక్కసారిగా చేతిలోకి దిగింది. ఆ తల మీద ఎడమ చెవి పైనుంచి మెడ దాకా కత్తెర ఆడించాడు. ఫొటోలవాడు మురిసిపోతూ తీస్తూనే ఉన్నాడు.

"ఏమండీ, జుట్టు రాలుతోంది" అంది డైరెక్టరమ్మ నీరసంగా. ఆ తర్వాత గొంతు లేచింది. "ఆపండి. బీమా లేదు."

కత్తెరాయన బుద్ధిగా కత్తెర కింద పెట్టాడు. పెద్దాయన ఎడమవైపు తడుముకున్నాడు. కుడివైపు తడుముకున్నాడు. "మిగతా సగం?"

"ఇక్కడ చెయ్యకూడదటండీ. వీధి చివర షాపులో అయితే చెయ్యొచ్చు."

ఆ వీధి అంతకుముందెన్నడూ అలాంటి ఊరేగింపు చూసి ఉండదు. ముందు కత్తెరాయన. వెనక, మెడకు గుడ్డతో, సగం తలతో లక్షలు పంచే పెద్దాయన. ఆయన వెనక డైరెక్టరమ్మ, ఫొటోలవాడు. వీళ్ళు లోపలికెళ్ళేసరికి షాపులో ఇద్దరు గిరాకీలు బెంచీ మీద విసుక్కుంటున్నారు. ముసలాయన ఫోను చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఇక రావనుకున్నాను. ఎవరీయన?"

"చేసి చూపించమన్నారుగా, తల తెచ్చుకున్నానండీ."

కుడివైపు పని ముగిసేదాకా ముసలాయన కత్తెర మీంచి చూపు తిప్పలేదు. చివర్న పెద్దాయన మెడ మీద వేలితో ఒక్కసారి రాసి చూసి, ఫోను జేబులో వేసుకున్నాడు.

"రేపట్నుంచి రమ్మంటారా?" అన్నాడు కత్తెరాయన.

"రేపెందుకయ్యా? అటు బెంచీ చూడు."

కత్తెరాయనకు కళ్ళు చెమర్చాయి. కేంద్రం గది పోతే పోనీ అనుకున్నాడు. పెద్దాయన అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, బాగుందనే అన్నాడు. దాంతో డైరెక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇదంతా తమ కేంద్రం విజయమేనంటూ ఫొటోలవాణ్ణి ముందుకు తోసింది. "ఒక్క నిమిషం, మీరు అలా కత్తెర గాల్లో పట్టుకుని కెమెరా వైపు చూసి నవ్వండి."

కత్తెరాయన కుర్చీ మీది వెంట్రుకలు దులిపి, బెంచీ మీద మొదటి మనిషిని రమ్మని సైగ చేశాడు.

"అలా కూర్చోండమ్మా," అన్నాడు డైరెక్టరమ్మతో మర్యాదగా. "మీ ముందు ఇద్దరున్నారు."