రెండు డిస్కుల్లో ఒక గొంతు

వదినకీ కత్తెరకీ మాటల్లేవు. వదినకైతే అసలు గొంతే లేదు, అది వేరే సంగతి. గొంతున్నా కత్తెరతో మాట్లాడేది కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

మూడు నెలల క్రితం డాక్టర్లు ఆవిడ గొంతులో గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు మిగిలింది చిల్లుపడ్డ సైకిలు ట్యూబులోంచి వచ్చే గాలిలాంటి ఒక బుస. ఆ బుస వినే భాగ్యం మొగుడొక్కడికే. మిగతా అందరికీ పలక. బటన్ నొక్కితే చెరిగిపోయే పిల్లల పలక, తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. దాని మీద ఆవిడ రాసే తిట్లు చూడాలి! ఒక్క అక్షరం తప్పుండదు. ఒళ్ళు మండిపోతున్నా ఫుల్‌స్టాప్ పెట్టడం మానదు. ఎంతైనా టీచరమ్మ కదా.

కత్తెర ఆవిడకి ఆడపడుచు. ఆ పేరు పెట్టింది కూడా వదినే, ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజుల్లో. చూపు లేని పిల్లల బడిలో వదిన లెక్కలు చెప్పేది. పాఠాలన్నీ రికార్డు చేసి పిల్లల చేతిలో పెట్టాలని పంతం పట్టింది. రోజూ సాయంత్రం ఆడపడుచు ఇంటికొచ్చి, గోడలకి దుప్పట్లు వేలాడదీసిన వెనక గదిలో కూచుని చదివేది. ఆడపడుచు కంప్యూటరు ముందు కూచుని దగ్గులూ, పేజీ తిప్పిన చప్పుళ్ళూ, వీధిలో హారన్లూ కోసి పారేసేది. అందుకే కత్తెర. అలా మూడేళ్ళలో ఆరువందల పదకొండు పాఠాలయ్యాయి. బడికి వెళ్ళినవి మొదటి యాభయ్యే, మిగతావన్నీ కోత పూర్తయ్యాక ఒక్కసారే ఇద్దామనుకున్నారు. అంటే ఆ యాభై పోను వదిన గొంతు ఇప్పుడు ఉన్నది ఒక్కచోటే, కత్తెర కంప్యూటరులో, రెండు హార్డ్ డిస్కుల్లో.

ఆ రెండు డిస్కుల దగ్గరే ఉంది అసలు తిరకాసంతా.

అవి కొన్నరోజు షాపుకి ఇద్దరూ వెళ్ళారు. ఒకటి చాలని కత్తెర అంటే, వదిన ఒప్పుకోలేదు. "రెండుండాలి. దీంట్లో ఉన్నదల్లా దాంట్లోనూ ఉండాలి. అచ్చంగా నకలు. ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది, తెలిసిందా?" అని గంట కొట్టినట్టు చెప్పి, బడికి టైమైందని వెళ్ళిపోయింది. ఆవిడ వీపు మలుపు తిరిగిందో లేదో షాపాయన గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, నకలుగా పెడితే ఒక డిస్కంత చోటే మిగుల్తుంది. అదే రెండూ కలిపేస్తే చోటూ రెండింతలు, వేగమూ రెండింతలు. కాకపోతే ప్రతి ఫైలూ ముక్కలైపోయి సగం ఇందులో, సగం అందులో పడుతుంది. ఒకటి లేకపోతే రెండోది ఉత్త ఇనుము. ఎలా కట్టమంటారు?"

పెద్ద పెద్ద రికార్డింగులు తెరుచుకునేసరికి కత్తెరకి తలప్రాణం తోకకొచ్చేది. "కలిపెయ్యండి. నకళ్ళు నేను విడిగా తీసుకుంటాలే," అంది. తీసుకుందా? రేపు తీద్దాం, ఆదివారం తీద్దాం, పండక్కి సెలవులొస్తాయిగా అప్పుడు తీద్దాం. మూడేళ్ళు గడిచిపోయాయి. మధ్యలో వదిన అడిగినప్పుడల్లా "ఉంది వదినా" అనేది. అది అబద్ధమని కూడా అనిపించేది కాదు దానికి. రేపు తీసేదే కదా!

ఆపరేషనయ్యాక ఇంకా నలభై పాఠాలు మిగిలాయి. పరీక్షలు దగ్గరకొస్తున్నాయని బడివాళ్ళు ఒకటే ఫోన్లు. కత్తెర ఎక్కడో వెతికి చదవడానికి ఒక కొత్తమ్మాయిని తెచ్చింది. తెస్తే తెచ్చింది, వదినకో మాట చెప్పొద్దా? చెప్పలేదు. ఓ సాయంత్రం వదిన ఉన్నట్టుండి వచ్చేసరికి తన గదిలో, తన కుర్చీలో, తన దుప్పట్ల మధ్య ఎవరిదో లేత గొంతు భిన్నాలు చదువుతోంది.

"నా గొంతుకి కట్టిన కట్టు ఇంకా విప్పలేదు. అప్పుడే ఇంకో గొంతు తెచ్చుకున్నావా?" అని పలక మీద రాసింది.

"పరీక్షలు నీకోసం ఆగుతాయా వదినా?" అంది కత్తెర. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "నీకు పిల్లలకంటే నీ గొంతే ముఖ్యం," అని కూడా అనేసింది. నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా!

మర్నాడే వదిన మొగుణ్ణి వెంటేసుకుని వచ్చింది. పలక మీద ముందే రాసుకొచ్చింది. "డిస్కులు రెండు. ఒకటి నాది. విప్పి ఇవ్వు."

చెప్పాల్సిన క్షణం అదే. కానీ గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు, వదిన కళ్ళల్లోంచి నిప్పులు రాలుతున్నాయి, నోరు విప్పితే మూడేళ్ళ బండారం బయటపడుతుంది. పైగా కత్తెరకి రోషం ముక్కు మీదే ఉంటుంది. 'పట్టుకుపో! మీ ఇంట్లో కంప్యూటరే లేదు. బీరువాలో పెట్టుకుని రోజూ తలుపు తీసి చూసుకో' అని లోపల్లోపల కసిగా అనుకుని, నాలుగు స్క్రూలూ విప్పి డిస్కు ఆవిడ చేతిలో పెట్టేసింది. ఆ పూట నుంచి తన కంప్యూటరులోనూ ఒక్క పాఠం తెరుచుకోలేదు. కొత్తమ్మాయికేమో రిపేరని చెప్పింది. బడివాళ్ళకీ రిపేరనే చెప్పింది. వదిన కోపం చల్లారాక ఎలాగోలా డిస్కు వెనక్కి తెచ్చుకోవచ్చులే అనుకుంది. చల్లారే కోపమా అది?

నెల తిరిగింది. ఓ రోజు పదకొండింటికి షాపాయన ఫోను చేశాడు.

"మేడమ్, మీ వదినగారు ఇక్కడే ఉన్నారు. కొత్త కంప్యూటరు కట్టిస్తున్నారు. పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు. పాత డిస్కొకటి తెచ్చి పెట్టి చూడమంటున్నారు. అందులో ఏముందో మీకేమన్నా తెలుసా? ఖాళీదైతే ఫార్మాట్ కొట్టి మొత్తం తుడిచేస్తా."

"ముట్టుకోకండి!" అని కత్తెర ఒక్క అరుపు అరిచి, కాలికి దొరికిన చెప్పులేసుకుని పరిగెత్తింది. వీధి మొదట్లో చూసుకుంటే రెండూ రెండు జతలవి.

షాపులో వదిన స్టూలు మీద బెత్తం మింగినట్టు నిటారుగా కూచునుంది. ముందు నాలుగు పేజీల జాబితా. గొంతు లేని మనిషి నెల రోజులు ఏంచేస్తుంది? కంప్యూటరు భాగాల గురించి దొరికిందల్లా చదివేసింది. షాపాయన నుదుటిమీద చెమట తుడుచుకుంటూ అద్దాల కేబినెట్ ఒకటి తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. లోపల ఎరుపూ నీలం దీపాలు.

"పిల్లలకి చూపు లేదు. నాకు గొంతు లేదు. దీపాలు ఎవరికి?" అని రాసింది వదిన.

కేబినెట్ తిరిగి లోపలికెళ్ళిపోయింది. కరెంటు పెట్టె తెస్తే చేత్తో ఎత్తి చూసి, "తేలిగ్గా ఉంది. లోపల ఏమీ లేదు. వద్దు," అని రాసింది. ఫ్యాను తిప్పిస్తే చెవి ఆనించి విని, రొద చేస్తోందని తోసేసింది. కొత్త డిస్కులు రెండు, పక్కపక్క నంబర్లవి, జతగా బాగుంటాయని ఆయన మురిసిపోతూ పెడితే, ఒకటి వెనక్కి నెట్టింది. "ఒకే రోజు పుట్టినవి ఒకే రోజు పోతాయి. ఇంకో కంపెనీది తీసుకురా."

అప్పుడు గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ కత్తెరని చూసింది. పలక చెరిపి, మళ్ళీ రాసింది.

"ఎందుకొచ్చావు?"

"వదినా, ఆ పాత డిస్కు పెట్టించకు."

"నాది. పెట్టుకుంటాను."

"నా మాట విను. తర్వాత పెట్టుకుందువుగాని."

"నీ మాటలు విన్నది చాలు." పలక టకామని చెరిపి షాపాయన వైపు తిప్పింది. "పెట్టు."

షాపాయన ఇద్దరి మొహాలూ చూసి, పలక ఉన్నావిడే భయంకరంగా ఉందని తేల్చుకుని, డిస్కు తగిలించాడు. కాసేపు తెర మీద ఏమీ రాలేదు. తర్వాత చిన్న గడి తెరుచుకుంది. ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? కింద 'అవును', 'వద్దు'.

"ఇందులో ఏమీ లేదు టీచరుగారూ," అన్నాడు షాపాయన.

వదిన ఆ గడికేసి చూస్తూనే ఉండిపోయింది. మెల్లగా ఆవిడ మెడ మీద మచ్చ ఎర్రగా పొంగింది. పలక తీసుకుంది. అంత అందమైన దస్తూరీ మొదటిసారి వంకర పోయింది.

"నా గొంతు చెరిపేసి, ఖాళీ డిస్కు నా చేతిలో పెట్టావా?"

"అయ్యో, కాదు వదినా! చెరపలేదు, ఒట్టు!"

"కసితో చెరిపావు. దీన్ని ఇలాగే వాడుకుంటాను. నువ్విచ్చిన ఖాళీనే వాడుకుంటాను." రాసి, పలక వదిలేసి, మౌస్ పట్టుకుంది. బాణం గుర్తు 'అవును' మీదకి జరిగింది.

కత్తెర ఎగిరి ఆవిడ చెయ్యి పట్టుకుంది. మౌస్ కిందపడి తీగకి వేలాడింది. షాపులో బేరాలాడుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"అది ఖాళీ కాదు! అందులో సగం ఉంది. సగం నా దగ్గరున్నదాంట్లో ఉంది. నకలు పెట్టించలేదు వదినా. నువ్వలా వెళ్ళగానే రెండూ కలిపెయ్యమన్నాను. వేగంగా ఉంటుందని. విడిగా కూడా ఎప్పుడూ తియ్యలేదు. రెండూ ఒక్కచోట లేకపోతే నీ గొంతు లేదు. నా దగ్గరా లేదు, నీ దగ్గరా లేదు." అంతా ఒక్క గుక్కలో కక్కేసి, "తప్పయిపోయింది," అంది.

షాపాయన నోరు తెరిచాడు. ఏదో గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ మూసేశాడు.

వదిన చెయ్యి విదిలించుకుంది. పలక అందుకుని చెరిపింది. రెండే ముక్కలు రాసింది.

"వెళ్ళి తీసుకురా."

కత్తెర బండి మాట్లాడుకుని ఇంటికెళ్ళి, కంప్యూటరు పెట్టెని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దారిలో గుంట వచ్చినప్పుడల్లా తనే ఎగిరిపడేది గాని దాన్ని కదలనివ్వలేదు. షాపులోకి రాగానే డిస్కు కోసం చెయ్యి చాపింది. వదిన ఆ చేతిని చూడనట్టే డిస్కు తీసుకెళ్ళి షాపాయన చేతిలో పెట్టింది. కత్తెర చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉండిపోయింది.

నాలుగు స్క్రూలు. రెండు తీగలు. బటన్ నొక్కారు. డిస్కులు రెండూ కిర్రుమంటూ తిరిగాయి. ఇన్నాళ్ళు విడిగా పడున్నందుకు ఏదన్నా అటూఇటూ అయితే, ఆ మూడేళ్ళ సాయంత్రాలు పోయినట్టే. వదిన మళ్ళీ చదవడానికి గొంతేదీ?

వచ్చాయి. ఒకదాని కింద ఒకటి, ఆరువందల పదకొండూ వచ్చాయి. షాపాయన "హమ్మయ్య" అన్నాడు, తన సొంత ఆస్తి దొరికినట్టు.

వదిన వేలు పెట్టి తన పాఠాల్లో చిట్టచివరిది చూపించింది. ఆపరేషనుకి ముందురోజు చదివిన పాఠం. కత్తెర ఇంకా కోత పెట్టనిది అదొక్కటే. ధైర్యం చాలక మూడు నెలలుగా తెరవలేదు. షాపాయన దాన్ని నొక్కి, స్పీకరు పెంచాడు.

"పిల్లలూ, ఇవాళ భిన్నాల భాగహారం. కంగారేం లేదు, తలకిందులు చేసి గుణించడమే," అంది వదిన గొంతు. గుండ్రంగా, నిండుగా, షాపు మూలమూలకీ వినబడింది. వదిన రెండు చేతులూ మెడ మీద వేసుకుంది. ఎదురుగా కీబోర్డులు చూస్తున్న ఒక పెద్దాయన, పాఠం వింటున్నట్టు చేతులు కట్టుకున్నాడు.

పాఠం సగంలో ఆగింది. పేజీ తిప్పిన చప్పుడు. తర్వాత అదే గొంతు, ఈసారి పిల్లలకి కాదు.

"ఒసేయ్ కత్తెరా, ఒక్క మాట. రేపటి తర్వాత నేను మాట్లాడతానో లేదో. ఇవన్నీ రెండింట్లోనూ ఉన్నాయి కదూ?"

"ఉన్నాయి వదినా. అచ్చంగా నకలు." అది కత్తెర గొంతు. ఎంత తేలిగ్గా ఉందో! జంతికలు నములుతూ చెప్పినట్టుంది. "నువ్వు హాయిగా వెళ్ళిరా."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే నాకింక బెంగలేదు," అంది వదిన గొంతు నవ్వుతూ. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలెట్టింది. "పిల్లలూ..."

కత్తెరకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయి, ఆ ముక్క మొదలూ చివరా గుర్తు పెట్టేసింది. పాఠంలో అనవసరమైన ముక్కలు కొయ్యడమేగా దాని పని. ఇంకొక్క నొక్కు నొక్కితే పోతుంది.

మణికట్టు మీద చల్లటి చెయ్యి పడింది. గట్టిగా, ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

వదిన పలక ముట్టుకోలేదు. మొహం బాగా దగ్గరికి తెచ్చింది. మూడు నెలల్లో మొగుడు తప్ప ఎవరూ వినని బుస అది.

"కొయ్యకు," అంది. ఊపిరి చాలక ఆగి, మళ్ళీ తెచ్చుకుంది. "పిల్లల్ని కూడా విననీ."

కత్తెర మౌస్ వదిలేసింది.