జీపు పట్టిన మౌనవ్రతం

నిన్న సాయంత్రం వీధి చివరిదాకా వెళ్లి, మేఘంలా ఉరుముతూ ఇల్లు చేరిన జీపు, తెల్లవారేసరికి మౌనవ్రతం పట్టింది. తాళంచెవి ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. సర్వేయరుగారు దిగి దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు.

ఆయన ఉద్యోగవిరమణ చేసి చాలాకాలమైనా వీధిలో అందరికీ సర్వేయరుగారే. కొండలూ కోనలూ కొలిచినన్నాళ్లు ఆయనను మోసినది ఈ జీపే. శాఖవారు దానిని వదిలించుకోదలచిననాడు ఆయన కన్నబిడ్డను తెచ్చుకున్నట్లు ఇంటికి తెచ్చుకున్నారు. భార్య మాత్రం దానిని "నా సవతి" అని తప్ప మరొక పేరుతో పిలిచి ఎరుగదు.

ఇన్నేళ్లకు ఆ సవతికి మళ్లీ కొండెక్కే యోగం కలిగింది. ఒక్కగానొక్క కూతురు పశువైద్యురాలు. కొండమీది పశువుల ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. అక్కడికి పోయే దారిలో రోడ్డు కన్న రాళ్లూ వాగులే ఎక్కువ. "నాన్నా, నీ జీపు నాకిస్తావా?" అని ఆమె అడిగిననాడు ఆయన సంతోషంగా తల ఊపారు. అప్పుడే భార్య ఒక మెలిక పెట్టింది.

"బయలుదేరే రోజు మధ్యాహ్నానికల్లా అది కదిలిందా, సంతోషం. మొరాయించిందా, పిల్ల ఆ ఆసుపత్రికి దాణా తీసుకెళ్లే లారీలో వెళ్తుంది, నా సవతి పాతసామాన్ల వాడి దగ్గరికి వెళ్తుంది. పిల్లని నడికొండలో నిలబెట్టే బండి నాకొద్దు."

తల్లి అనవలసిన మాటే అది. అందుచేతనే ఆయనకు ఎదురు చెప్పే వీలు లేకపోయింది. ఆ రోజు ఈ రోజే. తల్లీకూతుళ్లు సామాన్లు కొనడానికి తెల్లవారుజామునే బజారుకు వెళ్లారు. వారు వచ్చేలోగా గండం గట్టెక్కాలని ఆయన బావమరిదికి కబురంపారు.

పక్కవీధిలో మోటారు షెడ్డు నడిపే బావమరిది చేతిలో పెట్టెతో, ముఖంలో చిరునవ్వుతో దిగాడు.

"ఏం బావగారూ, నిన్న వీధంతా అదరగొట్టారట! ఇవాళ గొంతు పోయిందా?"

"వేళాకోళం తరవాతోయ్. ముందు నాడి చూడు."

"చూస్తా. రాత్రి నుంచీ ఎవరైనా దీనిమీద చెయ్యి వేశారా?"

"నా జీపు మీద ఇంకొకళ్లు చెయ్యి వేస్తారా? షెడ్లో పెట్టాను, తాళంచెవి తీశాను, ఇంట్లోకొచ్చాను. ఇంకేం ముట్టుకోలేదు. దేవుడి మీద ఒట్టు."

బావమరిదికి ఒక పద్ధతి ఉంది. మొదట కరెంటు, తరువాత నిప్పురవ్వ, ఆపైన పెట్రోలు. ఈ వరుస తప్పితే విప్పినదే మళ్లీ విప్పవలసి వస్తుందని అతని సిద్ధాంతం. లైట్ల మీట నొక్కాడు. వెలగలేదు. బానెట్ ఎత్తి తొంగిచూశాడు. బ్యాటరీ నుంచి బాడీకి పోవలసిన ఎర్త్ వైరును ఎవరో పద్ధతిగా విప్పి, పక్కకు మడిచి, కొసకు నీలిపూల గుడ్డపీలిక చుట్టి ముడి వేశారు.

"ఈ పూలు నేనెక్కడో చూశాను," అన్నాడు బావమరిది గడ్డం నిమురుకుంటూ.

అంతలో తల్లీకూతుళ్లు సంచులతో రానే వచ్చారు. కూతురు బరువు దించడానికి తిన్నగా ఇంట్లోకి వెళ్లిపోయింది. తల్లి మాత్రం తన పాత చీర నుంచి చింపిన ఆ గుడ్డపీలికను చూసి గుమ్మం దగ్గరే నాలుక కరుచుకుంది.

"అయ్యో రామా! బజారు హడావిడిలో మరిచేపోయాను. అది నేనే విప్పానురా."

"నువ్వా!" సర్వేయరుగారు నోరు వెళ్లబెట్టారు. "నీకు స్పానరు పట్టుకోవడం వచ్చా?"

"రాక? పెళ్లయిన దగ్గర్నుంచీ నేను విన్నవన్నీ దాని రోగాలేగా! పోయిన వారం మలుపులో బేకరీ అతని వ్యాను దొంగలు ఎత్తుకుపోలేదూ? రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"సవతి పీడ వదిలిపోతుందని సంతోషించాల్సింది కదక్కా!"

"నోర్మూసుకో! నా సవతిని నేను తిట్టుకుంటాను. దొంగవెధవ తీసుకుపోతే ఊరుకుంటానా?"

సర్వేయరుగారు భార్య వైపు చూశారు. ఎన్నో ఏళ్ల సంసారంలో ఆమె ఇంత అందంగా కనబడిన సందర్భాలు తక్కువ. ఆమె ఆ చూపు గమనించి, "చాల్లెండి, పని చూడండి," అని కొంగు సర్దుకుంది.

వైరు బిగిసింది. ఈసారి ఇంజను గిరగిర తిరిగింది. కాని అంటుకోలేదు. బావమరిది ప్లగ్గు తీగ ఊడదీసి, కొసను ఇంజనుకు దగ్గరగా పెట్టి, మళ్లీ తిప్పించాడు. నిప్పురవ్వ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పకపక నవ్వాడు.

"బావగారూ, ఇందులో రోటరే లేదు!"

నిప్పురవ్వను సిలిండర్లకు వంతులవారీగా పంచే బొటనవేలంత ముక్క అది. అది లేనిదే ఎంతటి జీపైనా ఉత్త ఇనుపగుట్ట. ఇంతలో నవ్వు వినబడి కూతురు బయటికి వచ్చింది. విషయం అర్థమై, మళ్లీ లోపలికి పరుగెత్తి, మందులపెట్టెలో దూది మధ్య భద్రంగా ఉన్న రోటర్‌ను తెచ్చింది.

"సారీ మావయ్యా. కాఫీ తాగి వచ్చి పెడదామనుకున్నా."

"నువ్వు కూడానా తల్లీ!" అన్నారు తండ్రి.

"నువ్వే నేర్పావు కదా నాన్నా! చిన్నప్పుడు క్యాంపుకి తీసుకెళ్లినప్పుడు, ఇది జేబులో వేసుకుంటే ఎవడూ బండి కదల్చలేడని చెప్పలా?"

రోటర్ తన పీఠమెక్కింది. జీపు ఒక్కసారిగా గర్జించింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సర్వేయరుగారు చేతులు జోడించబోయారు. జోడించేలోగానే జీపు నాలుగుసార్లు దగ్గి, చల్లబడింది. మళ్లీ తిప్పితే తిరిగింది, అంటుకోలేదు.

మలుపు దగ్గర దాణా లారీ హారన్ మోగింది. భార్య ఆ లారీ వైపు ఒకసారి చూసింది. ఆమె వేళాకోళం ఆడకపోవడమే ఆయనను ఎక్కువ భయపెట్టింది. ఆ భయం కోపమై పొంగింది.

"ఇంట్లోనే ఇంతమంది కాపలా ఉంటే ఇంక దొంగలెందుకు! ఎవరెవరు ఏమేం దాచారో ఇప్పుడే చెప్పండి!"

"నా దగ్గర ఇంకేం లేవండీ," అంది భార్య. "నా దగ్గరా లేవు," అంది కూతురు.

బావమరిది మాత్రం చెవి ఒగ్గి ఏదో ఆలోచిస్తున్నాడు. "కరెంటుంది. రవ్వ ఉంది. కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు తాగి ఆగింది. ట్యాంకు నుంచి కొత్తది రావట్లేదు. బావగారూ, నిన్న బండి ఆపినప్పుడు ఏం చేశారో చెప్పకండి. చేసి చూపించండి."

"చెప్పాను కదోయ్!"

"చెప్పింది నోరు. చెయ్యి ఏమంటుందో చూద్దాం."

సర్వేయరుగారు విసుగ్గా సీటులో కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. తాళంచెవి వెనక్కి తిప్పారు. క్షేమంగా చేర్చిన భగవంతుణ్ణి అలవాటు చొప్పున తలచుకున్నారు. ఆ నామం పెదవి దాటుతుండగా ఎడమచేయి తనంత తానుగా సీటు కిందికి జారి, పెట్రోలు ట్యాప్‌ను పట్టుకొని తిప్పబోయింది. తిరగలేదు. అది మూసే ఉంది.

ఆయన కళ్లు తెరిచారు. చేయి మాత్రం అక్కడే ఉంది, పట్టుబడిన దొంగ చేయిలాగా.

క్యాంపు రోజుల కట్టుబాటు అది. రాత్రి ట్యాప్ మూసేది సర్వేయరు. ఉదయం తెరిచేది డ్రైవరు. అన్నేళ్లలో ఆయన ఒక్కనాడూ దానిని తెరిచి ఎరుగరు. ఇంటికి వచ్చాక జీపు ఆదివారం నాడు షెడ్డులోనే కాసేపు మోగేది గాని, దూరం పోయినది లేదు; ట్యాప్ ఎప్పుడూ తెరిచే ఉండేది. నిన్న వీధిలో తిరిగి వచ్చేసరికి చేతికి పాత రోజులు జ్ఞాపకం వచ్చాయి. మనసుకు చెప్పకుండానే అది తన పని చేసుకుపోయింది.

"దేవుడి మీద ఒట్టని ఎవరో అన్నట్టు గుర్తు!" అన్నాడు బావమరిది ఆకాశంలోకి చూస్తూ.

"ఒట్టు వేసింది నేను. మూసింది చెయ్యి," అన్నారు సర్వేయరుగారు బింకంగా. ఆ బింకం నిలవలేదు. మొదట భార్య నవ్వింది. తరువాత కూతురు. చివరికి ఆయన కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

నవ్వు సద్దుమణిగాక ఆయన సీటు దిగి పక్కకు జరిగారు.

"రా అమ్మా. కూర్చో. ఉదయం తెరిచే పని ఇక నీది."

కూతురు వంగి ట్యాప్ తిప్పింది. కొద్దిక్షణాలు ఆగి తాళంచెవి తిప్పింది. జీపు గర్జించింది, ఈసారి ఆగలేదు. మూటలన్నీ వెనకాలకు ఎక్కాయి. భార్య సంచీ ఒకటి ఒళ్లో పెట్టుకొని, ఎవరూ పిలవకుండానే ముందుసీటు ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికే?" అన్నారాయన.

"పిల్లని దింపి, మీరూ నేనూ రేపు దాణా లారీలో వచ్చేద్దాం. సవతి సత్తా ఏంటో నేను చూడొద్దూ? మీరు వెనకాల మూటల్లో సర్దుకోండి."

సర్వేయరుగారు మూటల మధ్య మరొక మూటలా ఒదిగారు. మలుపు తిరుగుతుండగా, "అమ్మాయీ, మరి రాత్రి ట్యాప్ మూసేదెవరు?" అని అరిచారు.

"అదీ నేనే నాన్నా! నువ్వు మాత్రం ఒట్టు వెయ్యకు!"